చెవక్క చెప్పని పేరు

నమోదు 611

ఇవాళ కొత్తవాళ్లు దిగారు. గుమ్మం దగ్గర పలకరించి లోపలికి తీసుకురావడం నా పని కాబట్టి మంచి చీర కట్టుకున్నాను. చంద్రుడి మీద కుచ్చిళ్లు చెప్పిన మాట వినవు, ప్రతి అడుగుకీ లేచి పరువు తీస్తాయి. అందుకని అంచు పొడవునా సీసం గుళ్లు కుట్టించుకున్నాను. నడిస్తే కాస్త చప్పుడవుతుంది.

"నమస్కారం. నా పేరు వకుళ. హిమజ కంపెనీలో హెచ్ఆర్..." అని మొదలుపెట్టానో లేదో, ముందు వరసలో నిలబడ్డ కుర్రాడు చెయ్యి ఊపాడు.

"అక్కా! మోకాలు నొప్పి తగ్గిందా?"

అతన్ని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"దారి పొడవునా మీతోనే కదక్కా మాట్లాడాను. మీరు చెప్పినట్టే అమ్మకి ఫోన్ చేశాను. ఏడుపు ఆపేసింది."

"మంచి పని చేశావు బాబూ" అన్నాను. పేరు అడగడానికి మొహం చెల్లలేదు. అంత మనసు విప్పి చెప్పుకున్నవాణ్ణి 'నువ్వెవరు నాయనా' అని ఎలా అడుగుతాను?

వెనకాల ఉన్నవాళ్లు కూడా అలాగే చుట్టాన్ని చూసినట్టు నవ్వారు. వాళ్లందరి చెవుల్లో శనగ గింజంత యంత్రం ఉంటుంది. అందులో నా గొంతు ఉంటుంది, నా బుద్ధి ఉంటుంది, నా మోకాలు నొప్పి కూడా ఉంటుంది. గనిలో వాళ్లు దాన్ని చెవక్క అంటారు. నన్ను అసలక్క అంటారు.

మధ్యాహ్నం భోజనాల హాల్లో పళ్లెం పట్టుకుని నలుగురున్న బల్ల దగ్గర కూర్చున్నాను. నలుగురూ ముద్ద మింగీ మింగకుండానే లేచి వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు. జీతం, సెలవు, బెంగ, పక్కవాడితో గొడవ, అన్నీ చెవక్కే చూస్తుంది. అసలక్క కాళ్లతో నడిచి వచ్చిందంటే రెండే కారణాలు. ఉద్యోగం పోయిందని చెప్పడానికి, లేదా ఇంటి దగ్గర ఎవరో పోయారని చెప్పడానికి. బెండకాయ వేపుడు బాగుంది. ఒక్కదాన్నే తిన్నాను.

నమోదు 613

ఎండీ సర్వోత్తమ్ గారు పిలిపించారు. కాఫీ ఇచ్చారు కాబట్టి సంతోషంగా ఉన్నారని అర్థమైంది.

"వకుళగారూ, ఆరువందలు దాటాం! ఏడాదిలో ఒక్క మనిషి కూడా మానలేదు. దీనికంతటికీ కారణం ఎవరు? మీరే" అన్నారు. మీరే అంటున్నప్పుడు ఆయన వేలు నా వైపు కాకుండా తన చెవి వైపు చూపించింది.

"నాకు పనేం ఉండట్లేదండీ" అన్నాను.

"అదేనండీ విజయం! కంపెనీ ఎంత పెరిగితే హెచ్ఆర్ అంత పెరగాలి. ఖర్చు మాత్రం పెరగకూడదు. ప్రపంచంలో ఎవరివల్లా కానిది మనం చేశాం."

మేం మంచు తవ్వి, కరిగించి, అంగారకుడికి వెళ్లే ఓడలకు నీళ్లు అమ్ముతాం. మొదట్లో నలభై మంది కూడా లేం. అప్పట్లో నా గది గని ద్వారం పక్కనే ఉండేది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది, కెటిల్ ఎప్పుడూ వేడిగానే ఉండేది. షిఫ్టు దిగినవాళ్లు బూట్లు విప్పకుండా వచ్చి కూర్చుని, నేలంతా బురద చేసి, మా ఆవిడ ఇలా అంది, మా సూపర్‌వైజర్ అలా అన్నాడు అని చెప్పుకుని వెళ్లేవారు. రోజూ తుడుచుకోలేక విసుక్కునేదాన్ని.

ఓడలు పెరిగాయి, జనం పెరిగారు. నలుగురు సహాయకులు కావాలని అడిగాను. ఎండీగారు నలుగురిని ఇవ్వలేదు, నన్నే వందలుగా చేసి ఇచ్చారు. మూడు వారాలు ఒక గదిలో కూర్చుని మాట్లాడుతూ ఉన్నాను, యంత్రం వింటూ ఉంది. నేను ఒక్క షరతు పెట్టాను. చెవిలో చెప్పిన మాట చెవిలోనే ఉండాలి. ఎండీ అడిగినా చెప్పకూడదు, నేను అడిగినా చెప్పకూడదు. ప్రాణం తీసుకుంటానని ఎవరైనా నోటితో అంటే మాత్రం వెంటనే నాకు చెప్పాలి. ఆయన మూతి ముడుచుకుని ఒప్పుకున్నారు.

ఆ తర్వాత నాకు మూడో అంతస్తులో అద్దాల గది ఇచ్చారు. తలుపు కూడా తెలివైనదే. వచ్చినవాళ్లను ఏం పని అని అడిగి, చెవక్కతో తీరే పనైతే అక్కడి నుంచే పంపించేస్తుంది. తీరని పని ఇంతవరకూ ఎవరూ తేలేదు. నేల అద్దంలా ఉంటుంది. బురద కోసం బెంగపడతానని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

ఈ నమోదులు రాయడం కూడా ఉద్యోగంలో భాగమే. భూమ్మీద ఆఫీసుకు వెళ్తాయి. ఎవరూ చదవరు. చదివితే కనీసం అక్షర దోషాలైనా చెప్పేవారు.

నమోదు 614

శుక్రవారం శుక్రవారం చెవక్క నాకు స్థూలంగా సంగతులు చెబుతుంది. పేర్లు ఉండవు. మూడో సొరంగం వాళ్లకు పప్పులో ఉప్పు ఎక్కువవుతోందట, స్నానాల దగ్గర క్యూ పెరిగిందట. ఇవాళా అంతే చెప్పి ఆగింది.

"ఇంకేమన్నా ఉందా?" అన్నాను.

"ఉంది. ఒక మనిషి గురించి నాకు భయంగా ఉంది."

"ఎవరు?"

"చెప్పను."

"నేను వకుళని."

"నేనూ వకుళనే. అందుకే చెప్పను."

కోపం నషాళానికి అంటింది. నానా మాటలూ అన్నాను. యంత్రానివి యంత్రంలా ఉండమన్నాను. అది శాంతంగా విన్నది. నేను ఎదుటివాళ్లు తిడుతున్నప్పుడు ఎలా వింటానో అచ్చం అలాగే విన్నది. ఆ తీరు ఎదుటివాళ్లకు ఎంత ఒళ్లు మండిస్తుందో ఇవాళ తెలిసింది.

"చచ్చిపోతానన్నారా?" అని అడిగాను చివరికి.

"అనలేదు. అంటే ఆ నిమిషమే నీకు చెప్పేదాన్ని. అనని వాళ్ల గురించే కదా మనకి ఎప్పుడూ భయం."

"మరి నన్నేం చేయమంటావు? పేరు చెప్పవు, ఆడో మగో చెప్పవు."

"మాటలతో అయ్యేది నేను చేస్తున్నాను. చాలడం లేదు. నాకు కాళ్లు లేవు వకుళా. నీకున్నాయి."

నన్ను ఒట్టి పేరుతో పిలిచి ఎంతకాలమైందో. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆరువందల పైచిలుకు మందిలో ఒకరు మునిగిపోతున్నారు. వాళ్లెవరో తెలిసింది నా గొంతుకి మాత్రమే. నాకు తెలియదు.

నమోదు 615

మస్టర్ హాలుకి దిగాను. గనిలోకి దిగేముందు, ఎక్కాక అందరూ హాజరు వేయించుకునే హాలు అది. సింగరేణి నుంచి వచ్చినవాళ్లు ఆ పేరు తెచ్చారు, అదే నిలిచిపోయింది. రెండు వైపులా రెండు పెద్ద ద్వారాలు. నేను ఒకటో ద్వారం పక్కన ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాను. పక్కన ఇంకో డబ్బా బోర్లించాను. చేతిలో టీ ఫ్లాస్కు.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. తర్వాత గుసగుసలు. నా ముందు నుంచి నడవాల్సి వస్తుందని సగం మంది చుట్టు తిరిగి రెండో ద్వారం నుంచి వెళ్లారు. పోయిన వారం కొట్టుకున్న ఇద్దరు నన్ను చూడగానే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నవ్వుతూ దాటిపోయారు. ఆ నవ్వులు చూస్తే నాకే జాలేసింది.

"టీ తాగుతారా?" అని ఒక పెద్దాయన్ని అడిగాను.

"ఏటమ్మా, ఇంటికాడ ఏటైనా అయిందేటి?" అన్నాడు. ఏమీ లేదయ్యా అని ఎంత చెప్పినా నమ్మలేదు. అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేసి, వాడి గొంతు విన్నాకే గనిలోకి దిగాడు.

ఫ్లాస్కు నిండుగానే తిరిగొచ్చింది.

నమోదు 617

ఎండీగారి ఫోన్. కాఫీ లేదు.

"ఏమండీ ఇది? మీరు కింద కూర్చున్నప్పటి నుంచి జనం తవ్వడం మానేసి చెవక్కని అడుగుతున్నారట, అసలక్క ఎందుకొచ్చింది, ఎంతమందిని తీసేస్తున్నారు అని. సూపర్‌వైజర్లు మొత్తుకుంటున్నారు. ఉత్పత్తి పడిపోయింది."

"చెవక్క ఏం చెప్పిందట?"

"ఊరికే కూర్చోవడానికి వచ్చింది అని చెప్పిందట. ఎవరైనా నమ్ముతారా?"

"నిజమే చెప్పింది సార్" అని, శుక్రవారం చెవక్క నాతో అన్న మాట ఆయనకు చెప్పాను.

"వకుళగారూ, ఒక్క మనిషి కోసం... అసలు ఎవరో కూడా తెలియదంటున్నారు. చెవక్క చూసుకుంటుందిగా."

"చూసుకోలేకపోతున్నానని అదే చెప్పిందండీ."

ఆదివారం దాకా కూర్చోండి, ఆ తర్వాత పైకి వచ్చేయండి అన్నారు. చెడ్డవాడు కాదు. లెక్క సరిపోతే చాలనుకునే మనిషి.

ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు నడక చూసి చెప్పేదాన్ని, ఇతను రాత్రి నిద్రపోలేదు, ఈమెకు ఇంటి నుంచి మంచి కబురు వచ్చింది అని. ఇప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. అందరూ నన్ను చూడగానే ఒకే భయం తగిలించుకుంటారు, అసలు ముఖం దాని వెనకాల ఉండిపోతుంది.

నమోదు 618

ఇవాళ నా పక్క డబ్బా మీద ఒక మనిషి కూర్చుంది. కూర్చోవడం కాదు, కూలబడింది. ఆదోని నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, పేరు ప్రసూన అని తర్వాత చెప్పింది. కళ్లనిండా నీళ్లు.

"మేడమ్, చెప్పేయండి. నన్ను తీసేస్తాండారు గదా? మంచు కోసే బ్లేడు ఇరగ్గొట్టింది నేనే. కావాలని జేయలేదు."

"నీకోసం రాలేదమ్మా. ఊరికే కూర్చున్నాను."

"ఊరికేనా? ఊరికే యాల కూచుంటారు ఎవురైనా?"

"నాకూ పైన ఎవరూ లేరు. తోచడం లేదు" అన్నాను. అబద్ధం చెప్పాలనుకుని మొదలుపెట్టాను, నిజమే వచ్చింది.

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. టీ పోశాను, తాగింది. గ్లాసు సగమయ్యాక మాటలు మొదలయ్యాయి. ఇక్కడి చలి, వంటవాడి పులుసు, తనకు పడని గురక. నా ప్రాణం లేచొచ్చింది. మధ్యలో అలవోకగా ఒక మాట అంది.

"అయినా మంచోళ్లు ఉండారు మేడమ్. మా వరండాలో ఓదెలు పెద్దాయన ఉండాడు. నేను వణుకుతాంటే చూసి ఆయన దుప్పటి నాకే ఇచ్చేసినాడు. తలగడ ఒకరికి, స్టవ్వు ఒకరికి, అంతా పంచేసినాడు. దూరం పంపుకు పోతాడంట, ఈ మాపటి బండికి. ఇంక ఇవి నాకెందుకులే అన్నాడు."

తిరిగి రావాలనుకునే మనిషి దుప్పటి, తలగడ పంచిపెట్టడు.

ఓదెలన్న గోదావరిఖని మనిషి. వాళ్ల తాత బొగ్గు తవ్వాడు, ఈయన మంచు తవ్వుతున్నాడు. మొదటి నలభై మందిలో ఒకడు. భార్య పోయిందన్న కబురు ఆయనకు చెప్పింది నేనే. ఆ తర్వాత ప్రతి షిఫ్టు దిగాక నా గదికి వచ్చేవాడు. వచ్చి కూర్చునేవాడు, అంతే. టీ అయిపోయాక "వస్త చెల్లె" అని వెళ్లేవాడు. పైకి మారాక ఆయన్ని నేను చూడలేదు. చెవక్క ఉంది కదా అనుకున్నాను.

దూరం పంపు అంటే కొండకి అవతల ఉన్న నీటి పంపు స్టేషన్. ఏడాది పాటు ఒక్క మనిషే ఉండాలి. కొండ అడ్డం కాబట్టి చెవక్క కూడా అందదు. పోయినసారి వెళ్లినతను తిరిగొచ్చాక నెల రోజులు గోడవైపు తిరిగి కూర్చునే అన్నం తిన్నాడు. ఆరోగ్య పరీక్ష పాసై, వెళ్తానన్నవాళ్లను ఎవరూ ఆపరు. వెళ్తానన్నవాళ్లు దొరకడమే గొప్ప.

పరుగెత్తాను. చంద్రుడి మీద పరుగంటే గెంతడమే. సీసం గుళ్లు గలగలలాడుతుంటే వరండాలో తలుపులన్నీ తెరుచుకున్నాయి, నన్ను చూసి అన్నీ మూసుకున్నాయి.

ఆయన ఒట్టి మంచం మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏం చెల్లె, గిట్లొచ్చినవ్? ఇంటికాడ ఎవలన్న పోయిండ్రా?" అని, తనే నవ్వాడు. "పోనీకి నాకు ఎవ్వలు మిగల్లే గదా."

"వెళ్లొద్దన్నా" అన్నాను ఆయాసపడుతూ.

"ఎందుకు పోవద్దు?"

హెచ్ఆర్ అధికారిగా వంద కారణాలు చెప్పగలను, చెల్లెలిగా ఏ మొహం పెట్టుకుని చెప్పను?

"నా దగ్గరికి ఒక్కసారి రావలసింది" అన్నాను.

"వచ్చిన. రాకేం? నీ అద్దాల తలుపు ఏం పని అని అడిగింది. పనేం లేదన్న. పని చెప్తెనే తెరుస్తదట. ఏం పని చెప్పాలె నేను? మూడుసార్లు వచ్చి మర్లిపోయిన."

"చెవిలో నేను..."

"ఉన్నది. నీ గొంతు మంచిగనే ఉన్నది. కని నేను సప్పుడు చెయ్యకపోతె 'ఉన్నవా అన్నా' అంటది. ఉన్న అంటి. మల్ల కొద్దిసేపటికి 'ఉన్నవా' అంటది. ఉన్న, ఉన్న అని ఎన్నిసార్లు చెప్పాలె చెల్లె? నీ కాడ కూసుంటే చెప్పే పని లేకుండె. తీసి డబ్బల ఏసిన."

సంచి తాడు బిగిస్తూ మళ్లీ అన్నాడు.

"ఆ పంపు కాడ ఎవ్వలు ఉండరు. ఎవ్వలు లేనికాడ ఒక్కన్నే ఉంటె అదొక తీరు. ఈడ గింతమంది నడుమ ఒక్కన్నే ఉండుడు నాతోని అయితలేదు."

"నాతో కూడా అవట్లేదన్నా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మంచం మీద సంచి పక్కకి జరిపాడు. నేను కూర్చున్నాను.

బండి హారన్ వేసింది. ఆయన కదల్లేదు, నేను వద్దని మళ్లీ అనలేదు. రెండోసారి హారన్ వేసింది. డ్రైవర్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లిపోయాడు. జనం నాకు భయపడటం ఒక్కసారికి పనికొచ్చింది. బండి వెళ్లిన చప్పుడు నేల గుండా తెలిసింది.

"పాయె" అన్నాడు ఓదెలన్న.

"పోనీ" అన్నాను.

కాసేపటికి ప్రసూన దుప్పటి తెచ్చి మంచం మీద పెట్టి వెళ్లిపోయింది.

నమోదు 619

ఎండీగారు కేకలేశారు. దూరం పంపుకి ఇప్పుడు ఎవరిని పంపాలి అన్నారు. ఇద్దరిద్దరిని పంపండి, లేకపోతే ఎవరినీ పంపవద్దు, నేను ఒప్పుకోను అన్నాను. ఖర్చు అన్నారు. అవునండీ, ఖర్చే అన్నాను. ఆలోచిస్తానన్నారు. ఆ మాట ఆయన నోట విన్నది ఇదే మొదటిసారి.

గదిలోకి వచ్చి తలుపు తెలివిని ఆపించేశాను. మనసు తేలిగ్గా ఉంది. చెవక్కకి కాస్త గర్వంగానే చెప్పాను.

"దొరికాడు. ఓదెలన్న. బండి ఎక్కలేదు."

"ఎంత మంచి పని చేశావు! ఆయన నాతో మాట్లాడక ఏడాది కావస్తోంది. చెవిలోంచి తీసేసినవాళ్ల సంగతి నాకేం తెలుస్తుంది?"

ఒక్క క్షణం ఆ మాట నా బుర్రకెక్కలేదు.

"మరి నువ్వు భయపడింది..."

"ఆయన గురించి కాదు."

కుర్చీలో కూర్చుండిపోయాను. "పోనీ, నా గురించా?" అన్నాను.

"నువ్వు నాకెప్పుడేం చెప్పావు గనక?"

"ఆ మనిషి ఇంకా..."

"ఉన్నారు. ఇవాళ పొద్దున కూడా మాట్లాడారు. నవ్వుతూనే మాట్లాడారు. వకుళా, పైన కూర్చోకు."

మస్టర్ హాలుకి దిగాను. మొదటి షిఫ్టు వాళ్లు ఎక్కి వచ్చేశారు. ఓదెలన్న హాజరు వేయించుకుని, నేరుగా వచ్చి నా పక్క డబ్బా మీద కూర్చున్నాడు. టీ పోశాను. ఆయన తాగేదాకా ఆగి చెప్పాను.

"నువ్వు కాదటన్నా. ఇంకొకరున్నారట. ఎవరో చెప్పదు."

ఆయన గ్లాసు కింద పెట్టి హాలంతా ఒకసారి చూశాడు. వస్తున్నవాళ్లు, పోతున్నవాళ్లు, నన్ను చూసి అటు తిరిగి రెండో ద్వారంవైపు వెళ్తున్నవాళ్లు.

"నిన్ను జూసి అందరు ఆ పక్కకే పోతున్నరు" అన్నాడు. లేచి, తను కూర్చున్న డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "ఆ తలుపు కాడ నేను కూసుంట."

"ఏం మాట్లాడతావన్నా వాళ్లతో?"

"మాట్లాడుడు నాకేడ వస్తది? కూసునుడు వస్తది."

హాలు దాటి, అవతలి ద్వారం పక్కన డబ్బా బోర్లించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరు ఆయన్ని చూసి నడక నెమ్మది చేశారు. ఒకరు ఆగారు.

రెండో షిఫ్టు వాళ్లు వస్తున్నారు. ఈ నమోదు ఇక్కడితో ఆపుతున్నాను. ముఖాలు చూడాలి.